ఇల్లా, ఫ్లాటా? బెంగళూరులో కొత్త కాపురానికి అద్దె చూసుకునేవాళ్లకు

మాకు 2019 ఫిబ్రవరిలో పెళ్లయింది. మార్చి మొదటి వారానికల్లా బెంగళూరులో కాపురం పెట్టాలి. మా ఆయన ఆఫీసు ఎలక్ట్రానిక్ సిటీలో, నాది బెళ్లందూరు దగ్గర రింగు రోడ్డు మీద. అప్పటిదాకా ఇద్దరం పీజీల్లో ఉన్నవాళ్లమే. ఇల్లు చూడటం ఎలాగో ఇద్దరికీ తెలియదు.

ఈ ఆరేళ్లలో మూడు చోట్ల ఉన్నాం. మొదట బీటీఎం లేఅవుట్ సెకండ్ స్టేజ్‌లో కింద ఓనర్లు, పైన మేము ఉండే ఇల్లు. ఆ తర్వాత సర్జాపుర రోడ్డు వైపు రెండు వందల పైచిలుకు ఫ్లాట్లున్న గేటెడ్ అపార్ట్‌మెంట్. ఇప్పుడు కూడ్లు గేట్ దగ్గర పద్నాలుగే ఫ్లాట్లున్న చిన్న బిల్డింగ్. మా పిన్ని కూతురికి ఈమధ్యే పెళ్లయింది, ఇక్కడికే వస్తోంది. "అక్కా, ఇల్లు చూసుకోమంటావా, ఫ్లాట్ చూసుకోమంటావా?" అని ఫోన్ చేసింది. చెప్పడం మొదలుపెడితే గంట దాటినా సగం కూడా అవలేదు. మిగతాది రాసి పంపిస్తానన్నాను. ఆమెలాంటి వాళ్లు ఇంకా ఉంటారు కాబట్టి అందరికీ పనికొచ్చేలా రాస్తున్నాను.

ముందు ఒక మాట. ఇల్లు తీసుకుంటే మీరు ఒక మనిషితో సర్దుకుపోవాలి, ఆ మనిషే ఓనరు. ఫ్లాట్ తీసుకుంటే ఒక ఏర్పాటుతో సర్దుకుపోవాలి, ఆ ఏర్పాటే ఫ్లాట్ల ఓనర్ల అసోసియేషన్. నీళ్లు, చెత్త, రిపేర్లు, చుట్టాలు, చివరికి మీరు వండుకునే కూర దాకా అన్నీ దీని మీదే ఆధారపడతాయి. అద్దె ఎంత, బాల్కనీ ఎటు వైపు అన్నవి తర్వాత చూసుకోవచ్చు.

ఇద్దరూ విడివిడిగా రాయండి

సైట్లు తెరిచి ఫొటోలు చూసే ముందు ఇద్దరూ చెరో కాగితం తీసుకోండి. మీకు తప్పనిసరిగా కావాల్సినవి మూడు, అస్సలు భరించలేనివి మూడు రాయండి. రాసేటప్పుడు ఒకరిది ఒకరు చూడకండి. మేము ఈ పని మొదటి ఇంటికి చేయలేదు, రెండోదానికీ చేయలేదు. మూడోదానికి చేసినప్పుడు నాకు తెలియని సంగతి ఒకటి బయటపడింది. నేను ఎండ, గాలి, రాత్రి ఒక్కదాన్నే ఉన్నా భయం లేకపోవడం రాశాను. మా ఆయన మొదటి వరుసలోనే "ఆఫీసుకు ముప్పావుగంట దాటకూడదు" అని రాశారు. సర్జాపుర రోడ్డు నుంచి రెండేళ్లు ఆయన ఎంత అవస్థ పడ్డారో ఆ కాగితం చూసేదాకా నాకు సరిగ్గా అర్థం కాలేదు. ఆయన ఎప్పుడూ బయటికి చెప్పలేదు.

ఇద్దరిలో ఎవరు ఇంట్లో ఎక్కువసేపు ఉంటారు, ఏ వేళల్లో ఉంటారు అన్నది కూడా రాసుకోండి. పొద్దున ఏడు నుంచి తొమ్మిది మధ్య ఇంట్లో ఎవరూ లేకపోతే చెత్త ఆటోకి తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి ఎవరు వేస్తారు? సిలిండర్ వచ్చినప్పుడు తలుపు ఎవరు తీస్తారు? మాకు బీటీఎంలో రోజూ ఇదే టెన్షన్. ఆటో ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చినప్పుడు నేను స్నానంలో ఉండేదాన్ని. ఫ్లాట్‌లో అయితే రాత్రి బకెట్లు తలుపు బయట పెట్టి పడుకుంటే పొద్దునకల్లా ఖాళీ అయ్యేవి. ఇద్దరూ ఆఫీసుకు వెళ్లేవాళ్లయితే ఇది చాలా పెద్ద సుఖం. చిన్న విషయమని కొట్టిపారేయకండి.

అద్దె పక్కన ఇంకో నాలుగు అంకెలు

2019లో బీటీఎం ఇంటికి మేము కట్టిన అద్దె 16,000. డిపాజిట్ లక్షన్నర. పదకొండు నెలలకోసారి 5 శాతం పెంచుతామని అగ్రిమెంట్‌లో ఉంది. కరోనా వచ్చిన ఏడాది ఓనరు ఆంటీ పెంచలేదు, అడక్కుండానే మానేశారు. 2022లో మేము ఖాళీ చేసే నాటికి 17,500 అయింది. అదే జూలైలో ఫ్లాట్‌లోకి మారితే అద్దె 27,000, మెయింటెనెన్స్ 3,400. అంటే నెలకు 30,400. రెండింటికీ తేడా 12,900, ఏడాదికి లక్షన్నర దాటుతుంది.

ఆ తేడా అంతా సుఖానికి కట్టిందేనా అంటే, అవునని గట్టిగా చెప్పలేను. ఇంట్లో ఉన్నప్పుడు మేము విడిగా పెట్టిన ఖర్చులు కొన్ని ఉన్నాయి. కరెంటు పోతే ఆఫీసు పని ఆగకుండా ఇన్వర్టరు, బ్యాటరీ కొన్నాం. కిటికీలకు దోమతెరలు వేయించాం. ఫ్లాట్‌లో ఈ రెండు ఖర్చులూ లేవు, జనరేటర్ ఉంది. కానీ అక్కడ దిగిన రోజే సామాను ఎక్కించినందుకు అసోసియేషన్ వాళ్లకు కొంత కట్టాం, ఖాళీ చేసేటప్పుడు మళ్లీ కట్టాం. స్విమ్మింగ్ పూల్‌కి, జిమ్‌కి కూడా మెయింటెనెన్స్‌లో వాటా పడుతుంది. రెండేళ్లలో నేను ఆ పూల్‌లో ఒక్కసారి కూడా దిగలేదు. మీరు నిజంగా వాడే సౌకర్యాలు ఎన్నో లెక్క వేసుకున్నాకే మెయింటెనెన్స్ ఎక్కువో తక్కువో తేల్చుకోండి.

డిపాజిట్‌ని ఖర్చులో కలపనివాళ్లు చాలామంది. బెంగళూరులో ఒకప్పుడు పది నెలల అద్దె డిపాజిట్‌గా అడగటం మామూలు. ఇప్పుడు కొన్ని చోట్ల అయిదారు నెలలకు దిగుతున్నారు, బేరం ఆడితే ఇంకొంచెం తగ్గుతారు. లక్షన్నర బ్యాంకులో 7 శాతానికి వేసుకుంటే ఏడాదికి 10,500 వస్తుంది. అంటే డిపాజిట్ వల్లే నెలకు 875 రూపాయల అద్దె కంటికి కనపడకుండా కడుతున్నట్టు. రెండు చోట్లు పోల్చేటప్పుడు ఇది కూడా రాయండి: అద్దె, మెయింటెనెన్స్, నీళ్లు, డిపాజిట్ మీద పోయే వడ్డీ. ఆ పైన ఇద్దరి రాకపోకల ఖర్చు.

చదరపు అడుగుల విషయంలో ఫ్లాట్ అంకె చూసి మోసపోవద్దు. మా ఫ్లాట్ 1,150 చదరపు అడుగులని చెప్పారు. అందులో మెట్లు, లిఫ్టు, కారిడార్ల వాటా కూడా కలిసి ఉంటుంది. లోపల టేపు పెట్టి కొలిస్తే ఎనిమిది వందల పైచిలుకు వచ్చింది. మా పాత ఇల్లూ దాదాపు అంతే. మంచం, బీరువా, ఫ్రిజ్ కొలతలు ఫోన్‌లో రాసుకుని వెళ్లండి. మీరు పడుకునేది లోపలి కొలతలోనే.

నీళ్ల సంగతి

ఇది కాస్త వివరంగా రాస్తాను. ఎందుకంటే బెంగళూరులో ఇల్లు నచ్చక ఖాళీ చేసినవాళ్ల కంటే నీళ్లు లేక ఖాళీ చేసినవాళ్లే నాకు ఎక్కువ తెలుసు.

ఈ నగరానికి మూడు రకాల నీళ్లు వస్తాయి: కావేరి, బోరు, ట్యాంకరు. పాత లేఅవుట్లకు కావేరి పైపులు ఎప్పుడో వేశారు. బీటీఎంలో మాకు రోజు విడిచి రోజు కావేరి వచ్చేది. సంపు, అంటే నేల కింది తొట్టి, నిండేది, ఆంటీ మోటారు వేసేవారు, పైన ట్యాంకు నిండేది. నెలకు నీళ్ల కింద ఆవిడ తీసుకున్నది 300. అక్కడ ఉన్న మూడేళ్లలో నీళ్ల గురించి ఆలోచించాల్సిన అవసరమే రాలేదు.

ఊరి చివర 2007లో నగరపాలికలో కలిసిన 110 గ్రామాల పరిస్థితి వేరు. ఇప్పుడు పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లు చాలావరకు ఆ పక్కనే ఉన్నాయి. కావేరి అయిదో దశ 2024 అక్టోబరులో మొదలై ఆ గ్రామాలకు రోజుకు 77.5 కోట్ల లీటర్లు ఇవ్వాలన్నది లక్ష్యం. అయితే వీధిలోకి పైపు రావడం ఒక ఎత్తు, ఆ బిల్డింగ్ కనెక్షన్ తీసుకోవడం ఇంకో ఎత్తు. కాబట్టి "ఈ ఏరియాకి కావేరి వచ్చిందా" అని అడిగి ఊరుకోకండి. "ఈ బిల్డింగ్‌కి కనెక్షన్ ఉందా, పోయిన నెల నీళ్ల బోర్డు బిల్లు చూపిస్తారా" అని అడగండి.

2024 మార్చి నాకు బాగా గుర్తు. మా అపార్ట్‌మెంట్‌లో బోర్లు ఒకదాని తర్వాత ఒకటి ఎండిపోయాయి. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు మాత్రమే నీళ్లు వదిలేవారు. తాగే నీళ్లతో కారు కడిగితే, మొక్కలకు పోస్తే 5,000 జరిమానా అని నీళ్ల బోర్డు ప్రకటించింది. కుళాయిలకు ఏరేటర్లు, అంటే నీళ్ల ధార తగ్గించే జల్లెడ మూతులు, తప్పనిసరి చేసింది. ట్యాంకర్ల ధరలు ఆకాశాన్ని అంటితే జిల్లా యంత్రాంగం 12,000 లీటర్ల ట్యాంకరుకు 5 కిలోమీటర్ల లోపు 1,000 రూపాయలని ధర కట్టింది. ఆ నెల మా మెయింటెనెన్స్‌కు పైన నీళ్ల ఖర్చు విడిగా పడింది. అయినా ఒక మంచి సంగతి చెప్పాలి. రెండు వందల కుటుంబాల తరఫున ట్యాంకర్ల కోసం తిరగడానికి అసోసియేషన్‌లో మనుషులున్నారు. అదే సమయంలో అదే రోడ్డులో ఒక ఇంటి పై పోర్షన్‌లో అద్దెకున్న నా స్నేహితురాలు, ఆమె భర్త రాత్రి పదకొండింటికి ట్యాంకరు డ్రైవరుకు ఫోన్ మీద ఫోన్ చేస్తూ కూర్చునేవాళ్లు. ఒక్క ఇంటికి చిన్న లోడు వేయడానికి అతను రానంటాడు. ఓనరు వేరే ఊళ్లో ఉంటారు.

నా అభిప్రాయం ఇదీ. కావేరి నీళ్లున్న పాత లేఅవుట్‌లో అయితే ఇంటికే వెళ్లండి. ట్యాంకర్ల మీద నడిచే ప్రాంతంలో అయితే ఫ్లాటే మేలు. ట్యాంకర్ల ప్రాంతంలో, ఓనరు అక్కడ ఉండని ఇల్లు మాత్రం ఎంత చవకైనా తీసుకోవద్దు.

నీళ్ల గట్టితనం కూడా చూడండి. బాత్‌రూమ్ కుళాయి మూతి దగ్గర, బకెట్ అంచున తెల్లటి పొర కట్టి ఉంటే అవి బోరు నీళ్లే. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు తక్కువ ధరకే దొరుకుతుంది, ఒకటి కొని చూసే ప్రతి ఇంట్లోనూ గ్లాసు నీళ్లు పట్టి ముంచండి. తాగేనీటికి 500 లోపు ఉంటే మంచిదని మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ చెప్తుంది. మా ఫ్లాట్‌లో 1,100 చూపించింది. గీజర్ కాయిల్ ఏడాదికే పాడైంది, నా జుట్టు గురించి మా అమ్మ ప్రతి వీడియో కాల్‌లోనూ అడిగేది.

ఆ ఒక్క మనిషి

బీటీఎం ఓనర్లది ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగు కుటుంబం. బెంగళూరులో ఇలాంటివాళ్లు చాలామంది ఉన్నారు, ఇంట్లో తెలుగు, బయట కన్నడం. వాళ్ల తెలుగు మనదిలా ఉండదు. "ఏమ్మా, నీళ్లు వస్తా ఉండాయా పైన?" అని మెట్ల కింద నుంచి పిలిచేవారు ఆంటీ. మా ఆయనకు డెంగీ వచ్చినప్పుడు నేను ఆస్పత్రిలో ఉంటే ఆవిడ రాగి గంజి చేసి ఫ్లాస్కులో పోసి ఆటోలో పంపించారు. సంక్రాంతికి వాళ్ల వాకిట్లో ముగ్గు నేనే వేసేదాన్ని. డాబా మీద వడియాలు పెట్టుకున్నాను. ఫ్లాట్‌లో టెర్రస్‌కి తాళం వేసి ఉంటుంది.

అదే ఆంటీ రాత్రి పదకొండు దాటితే గేటుకు తాళం వేసేవారు. మా ఆయనకు ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉన్న రోజుల్లో క్యాబ్ దిగి ఫోన్ చేస్తే నేను కిందికి వెళ్లి తాళం తీయాలి. కొన్ని వారాలు రోజూ ఇదే పని. మా అత్తగారు, మామగారు శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో తెనాలి నుంచి వచ్చి నెల రోజులుంటే "ఇంకా ఎన్నాళ్లుంటారమ్మా?" అని అడిగారు. నీళ్ల ఖర్చు గురించే అడిగారని నాకు తెలుసు. మామగారికి మాత్రం ఆ మాట గుచ్చుకుంది. బాత్‌రూమ్‌లో పైపు లీకైతే ఆవిడకు తెలిసిన ప్లంబరు వచ్చేదాకా రెండు రోజులు ఆగాం, వేరేవాళ్లను పిలవనివ్వలేదు.

ఫ్లాట్‌లో పైపు పగిలిన రోజు సెక్యూరిటీకి ఇంటర్‌కామ్ కొడితే ఇరవై నిమిషాల్లో మనిషి వచ్చాడు. అర్ధరాత్రి రెండింటికి వచ్చినా గేటు దగ్గర ఎవరూ అడగరు. ఎవరు ఎన్నాళ్లున్నా ఎవరికీ పట్టదు. మా ఆయన ఊళ్లో లేని వారాల్లో నేను తలుపేసుకుని నిశ్చింతగా నిద్రపోయాను. నేను కాగితం మీద రాసిన ఆ మూడో కోరిక అక్కడ పూర్తిగా తీరింది. కానీ పక్క ఫ్లాట్ వాళ్ల పేరు తెలుసుకోవడానికి నాకు అయిదు నెలలు పట్టింది. పెళ్లయిన కొత్తలో ఊరు వదిలి, అమ్మానాన్నల్ని వదిలి వచ్చిన అమ్మాయికి ఆ నిశ్శబ్దం ఎంత బరువో, అనుభవిస్తే తెలుస్తుంది. ఇంటి నుంచి పని చేసేవాళ్లయితే ఇంకా ఎక్కువ. నాకు ముందు ఇల్లు, తర్వాత ఫ్లాట్ రావడం మంచిదైంది. అది తారుమారై ఉంటే మొదటి ఏడాది చాలా కష్టపడేదాన్ని.

అందుకే ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు గోడల కంటే ముందు ఓనరును చూడండి. అర్ధగంట కూర్చుని మాట్లాడండి. మొహమాటపడకుండా నాలుగు విషయాలు ముందే తేల్చుకోండి. మాంసం వండుకోవచ్చా? చాలా ఇళ్లలో వద్దంటారు, బ్రోకర్ చెప్పడు, దిగాక తెలుస్తుంది. రాత్రి గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుంది, మాకొక తాళంచెవి ఇస్తారా? అమ్మానాన్నలు వచ్చి నెల ఉంటే అభ్యంతరమా? రిపేరు వస్తే ఎంతలోపు మేము చేయించి అద్దెలో తగ్గించుకోవచ్చు? ఈ ప్రశ్నలకు ముఖం చిట్లించే ఓనరు, తర్వాత కూడా అలాగే చిట్లిస్తారు. పాత అద్దెవాళ్లు ఎందుకు ఖాళీ చేశారో కూడా అడగండి. వీలైతే వాళ్లనే ఫోన్‌లో అడగండి.

ఫ్లాట్‌కైతే ఓనరుతో పాటు అసోసియేషన్ నియమాల కాగితం అడిగి తీసుకోండి. అద్దెవాళ్లకు వేరే నియమాలు పెట్టే చోట్లు ఉన్నాయి. రెండో బండికి పార్కింగ్ ఉందా, ఆదివారం సామాను ఎక్కించనిస్తారా, పనిమనిషి ఏ లిఫ్టులో రావాలి అన్నదాకా అందులో ఉంటాయి.

చూడటానికి వెళ్లేది ఎప్పుడు

ఒక్కసారి చూసి అడ్వాన్స్ ఇవ్వకండి. కనీసం రెండుసార్లు వెళ్లండి: ఒకటి పనిరోజు పొద్దున ఎనిమిదికి, మీరు ఆఫీసుకు బయల్దేరే వేళకు. అక్కడి నుంచి నిజంగా ఆఫీసుకు వెళ్లి చూడండి. ఇంకొకటి రాత్రి తొమ్మిదికి, చీకటి, కుక్కలు, పక్కింటి టీవీ అన్నీ తెలిసే వేళకు. వాన పడిన మర్నాడు వెళ్లగలిగితే మరీ మంచిది.

ఇళ్లలో ఎక్కువగా కనపడే ఇబ్బంది వెలుతురు. 30×40 అడుగుల సైటులో నాలుగు అంతస్తులు లేపితే పక్క బిల్డింగ్‌కీ మన కిటికీకీ మధ్య చేయి చాపేంత దూరం కూడా ఉండదు. పక్కన ఖాళీ సైటు ఉంటే సంబరపడకండి. మా పడకగది కిటికీ పక్క సైటులో 2021లో పునాది తీశారు. ఏడాది పాటు దుమ్ము, చప్పుడు, ఆ తర్వాత పగలే లైటు.

కొత్త రంగు ఒక్క గోడకే వేసి ఉంటే అక్కడ చెమ్మ ఉందన్నమాట. అల్మరాల లోపల చేయి పెట్టి చూడండి, ముక్కు పెట్టి చూడండి. పై అంతస్తు అయితే ఎండాకాలం వేడి, వానాకాలం కారడం. కింది అంతస్తు అయితే డ్రైనేజీ వెనక్కి తన్నడం. 2022 సెప్టెంబరు వానలకు బెళ్లందూరు, యమలూరు, సర్జాపుర రోడ్డు పక్క ఖరీదైన విల్లాల్లోకే నీళ్లు వచ్చాయి. మేము ఫ్లాట్‌లో దిగి రెండు నెలలే అయింది, మా బేస్‌మెంట్‌లో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి, స్కూటర్ మునిగింది. మేము మూడో అంతస్తులో ఉండబట్టి ఇంట్లోకి రాలేదు. "2022లో ఇక్కడ నీళ్లొచ్చాయా?" అని బ్రోకర్‌ని అడగకండి. వీధి మలుపులో కిరాణా కొట్టు ఆయన్ని అడగండి, నిజం చెప్తారు.

ఇంటర్నెట్ ఏ కంపెనీది వస్తుంది, గదిలో ఫోన్ సిగ్నల్ ఉందా, ఈ రెండూ అక్కడ నిలబడే చూసుకోండి. పెద్ద అపార్ట్‌మెంట్లలో ఒకటి రెండు కంపెనీలకే అనుమతి ఉంటుంది.

కరెంటు మీటరు

ఇళ్లలో ఇది తప్పకుండా చూడాలి. మీ పోర్షన్‌కి విడిగా మీటరు ఉందా, లేక బిల్డింగ్ మొత్తానికి ఒక్కటేనా? 2023 ఆగస్టు నుంచి కర్ణాటకలో గృహజ్యోతి పథకం నడుస్తోంది. నెలకు 200 యూనిట్ల లోపు వాడే ఇళ్లకు, వాటి పాత సగటు వాడకం మీద 10 శాతం (ఆ సగటు 48 యూనిట్ల లోపైతే 10 యూనిట్లు) కలిపి అంతవరకు బిల్లు ఉండదు. అద్దెకున్నవాళ్లకూ ఇది వర్తిస్తుంది. పాత లెక్క లేని కొత్త కనెక్షన్లకు 58 యూనిట్లు ఇస్తారు. ఉమ్మడి మీటరు ఉండి, యూనిట్‌కి ఇంత అని ఓనరుకు కట్టే చోట మీకు ఇది దక్కదు. ఈ పథకానికి పేరు నమోదు చేసుకునే సేవాసింధు పోర్టల్‌లో ఆ మీటరు మీద పాత అద్దెవాళ్ల ఆధార్ ఇంకా ఉంటే, దాన్ని తీయించాకే మీది చేర్చుకోగలరు. తాళాలు తీసుకునే ముందే పాతవాళ్లతో ఆ పని చేయించమని ఓనరును అడగండి.

అగ్రిమెంట్, డిపాజిట్

అగ్రిమెంట్ పదకొండు నెలలకే ఎందుకు రాస్తారంటే, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటిన అద్దె ఒప్పందాన్ని రిజిస్టర్ చేయించాలి. పదకొండు నెలలైనా సరే, ప్రతి వాక్యం చదవండి. పెయింటింగ్ కింద ఒక నెల అద్దె పట్టుకోవడం ఇక్కడ ఆనవాయితీ. అది ఉంటే "పెయింటింగ్, క్లీనింగ్ కలిపి ఒక నెల అద్దెకు మించకుండా" అని రాయించండి. ఫ్లాట్ ఖాళీ చేసినప్పుడు మాకు పెయింటింగ్ కింద ఒక నెల అద్దె, క్లీనింగ్ కింద విడిగా, కిచెన్ చిమ్నీ పాడైందని ఇంకొంత తీసేశారు. చిమ్నీ మేము దిగేనాటికే సరిగ్గా పనిచేయలేదు. రుజువు మాత్రం మా దగ్గర లేదు. ఆ ఫ్లాట్‌కి కూడా డిపాజిట్ లక్షన్నరే ఇచ్చాం, అందులో చేతికొచ్చింది లక్షా ఎనిమిది వేలు. అదీ నెల తిప్పుకున్నాక.

డిపాజిట్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో తేదీతో రాయించండి. నోటీసు రెండువైపులా ఒకటే ఉండాలి, మీకు రెండు నెలలైతే వాళ్లకూ రెండు నెలలు. అద్దె ఏడాదికి లక్ష దాటి, మీరు ఆఫీసులో పన్ను మినహాయింపు కోసం హెచ్ఆర్ఏ (జీతంలో ఇంటి అద్దె భత్యం) చూపించుకోవాలంటే ఓనరు పాన్ నంబరు కావాలి. ఇవ్వనంటే ఆ సంగతి ముందే తెలియాలి. పాత ఇళ్ల ఓనర్లు కొంతమంది ఇవ్వరు, అద్దె నగదుగానే అడుగుతారు.

లీజు గురించి రెండు మాటలు. పదిహేను, ఇరవై లక్షలు ఒకేసారి ఇస్తే అద్దె ఉండదు, ఖాళీ చేసేటప్పుడు మొత్తం తిరిగిస్తామంటారు. కొత్త జంటకు ఊరించే మాటే. ఆ ఇంటి మీద బ్యాంకు అప్పు ఉండి, ఓనరు కట్టడం మానేస్తే మీ డబ్బు ఇరుక్కుంటుంది. పెళ్లికి పెద్దలు ఇచ్చిన డబ్బును అందులో పెట్టవద్దని నేను గట్టిగానే చెప్తాను.

మూడో దారి

ఇల్లు, పెద్ద గేటెడ్ అపార్ట్‌మెంట్, ఈ రెండే ఉన్నాయనుకుని మేము అయిదేళ్లు గడిపాం. మధ్యలో ఇంకొకటి ఉంది. పది నుంచి ఇరవై ఫ్లాట్లుండే చిన్న బిల్డింగులు. పూల్, జిమ్ ఉండవు. లిఫ్టు, వాచ్‌మన్, జనరేటర్ ఉంటాయి. ఇప్పుడు మా అద్దె 24,000, మెయింటెనెన్స్ 1,500. పద్నాలుగు కుటుంబాలూ పేర్లతో తెలుసు. వాచ్‌మన్ భార్య చెత్త బకెట్లు కిందికి తీసుకెళ్తుంది. రాత్రి గేటు వాచ్‌మనే తీస్తాడు. 2025 ఆగస్టులో ఎల్లో లైన్ మెట్రో మొదలయ్యాక మా ఆయన కూడ్లు గేట్‌లో ఎక్కి ఎలక్ట్రానిక్ సిటీలో దిగుతున్నారు. ఆయన కాగితం మీద రాసిన ముప్పావుగంటలో ఇంకా టైం మిగులుతోంది. నాకు బెళ్లందూరు దూరమే, కానీ వారానికి రెండు రోజులే వెళ్లాలి కాబట్టి ఇద్దరం ఒప్పుకున్నాం.

మా పిన్ని కూతురికి నేను చెప్పింది ఇది. వాళ్ల ఆయనకు నైట్ షిఫ్టులు, ఆమె ఇంకా ఉద్యోగం వెతుక్కుంటోంది, పగలంతా ఒక్కతే ఉంటుంది. మొదటి ఏడాది కావేరి నీళ్లున్న లేఅవుట్‌లో, మంచి ఓనర్లు కింద ఉండే ఇల్లు చూసుకోమన్నాను, గేటు తాళంచెవి ఒకటి చేతికిస్తామంటేనే. ఉద్యోగం వచ్చి ఇద్దరూ బయటికి వెళ్లడం మొదలయ్యాక ఇలాంటి చిన్న బిల్డింగ్‌కి మారొచ్చు.

తాళాలు చేతికిచ్చిన రోజు పాలు పొంగించే ముందే ఒక పని చేయండి. సామాను లోపలికి రాకముందు గది గదికీ వీడియో తీయండి: గోడల మీద మరకలు, పగిలిన టైల్, గీజర్, చిమ్నీ, ఫ్యాన్లు వేసి చూపిస్తూ. కరెంటు మీటరు రీడింగ్ ఫొటో తీయండి. అన్నీ అదే రోజు ఓనరుకు వాట్సాప్‌లో పంపి, "అందాయి" అని ఆయన చేత ఒక్క మెసేజ్ పెట్టించుకోండి.